వార్షిక నివేదిక 2024-25: కార్యదర్శి నుంచి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది బెంగళూరులో మన పాత తుపాకుల అభిమానుల నెలవారీ సమావేశాలు ఒక్కటీ తప్పలేదు. సెప్టెంబరులో కైల్ పోళ్దు పండగకు కొడగు వెళ్లొచ్చాం. అక్కడ తుపాకులకు తోక్ పూ, అంటే తుపాకీ పువ్వు, పెట్టి పూజ చేస్తారు. అది మన అడవినాభి పువ్వేనని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

అసలు చెప్పుకోవలసింది మన సభ్యులొకరి తాతగారి నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీ గురించి. 1853 నమూనా, మూతి నుంచి మందు కూరే రైఫిల్. ట్రిగ్గర్ నొక్కాలంటే వేలు నొప్పెట్టేది, గురి కదిలిపోయేది. స్ప్రింగ్ త్రాసు తగిలిస్తే నాలుగు కిలోలు దాటింది. హ్యామర్‌ను ఎత్తి పట్టే గాడిని ఆకురాయితో కాస్త అరగదీస్తే సరిపోతుందని మనలో చాలామంది అన్నాం. లైసెన్సున్న మేస్త్రిగారు ఒప్పుకోలేదు. ఆ ఇనుముకు గట్టిదనం పైపొరలోనే ఉంటుందట. అది అరిగితే లోపలి మెత్తటి ఇనుము త్వరగా పోయి, ఎక్కించిన హ్యామర్ దానంతటదే పడిపోవచ్చు.

ఆయన ముందు గజాన్ని, అంటే మందు కూరే కడ్డీని, గొట్టంలోకి వదిలి, ఎంత లోతు దిగిందో బయట ఆనించి చూసి, లోపల మందు లేదని తేల్చుకున్నారు. తర్వాత లాక్, అంటే హ్యామర్‌ను నడిపే యంత్రం, విప్పితే గ్రీజు ఎండి జిగురులా అంటుకుపోయి ఉంది. అది కడిగాక కూడా ట్రిగ్గర్ బిగువు తగ్గలేదు. అప్పుడు లాక్ లోపలి భాగాలకు దీపపు మసి పట్టించి, కర్రలో అమర్చి తీశారు. సియర్, అంటే గాడిలో పడి హ్యామర్‌ను ఆపే మీట, దాని చెయ్యి ఆడే చోట కర్రకు నల్లటి మచ్చ అంటింది. వానలకు ఉబ్బిన కర్ర దాన్ని నొక్కి పట్టింది, అంతే! ఉలితో ఆ మచ్చ మేరకే పల్చగా గీరి, బిగుసుకున్న సియర్ స్క్రూని కాస్త వదులు చేశారు. త్రాసు రెండున్నర కిలోల దగ్గర ఆగింది. గాడి జోలికి వెళ్లనే లేదు. చివరికి ఖాళీ తుపాకీకి హ్యామర్ ఎక్కించి, కర్రను రబ్బరు సుత్తితో తట్టి చూశారు. హ్యామర్ కదల్లేదు. ఆ రోజు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మేస్త్రిగారికి, షెడ్డు ఇచ్చిన మల్లేశ్వరం దంపతులకు, రెండు ఆదివారాలూ భోజనం పంపిన సభ్యుల ఇళ్లవారికి, ఫొటోలు తీసిన పిల్లలకు, త్రాసు ఇచ్చిన కూరగాయల కొట్టాయనకు పేరుపేరునా ధన్యవాదాలు.

జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి.

ఒక బాధ మాత్రం చెప్పక తప్పదు. ఆ పనికి పన్నెండుమంది పేర్లిచ్చారు, వచ్చింది నలుగురు. ప్రదర్శన అనుమతి కోసం ఒక ఆఫీసు చుట్టూ నేను ఆరుసార్లు తిరిగాను. ప్రతిసారీ కొత్త కాగితం అడిగారు. తోడు రమ్మంటే ఒక్కరూ ఫోన్ ఎత్తలేదు.

ఇంకో రెండు లాకులు విప్పాల్సి ఉంది. నిజంగా రాగలిగినవాళ్లే ఈ రోజు పేర్లివ్వండి.

కార్యదర్శి