ఆవకాయ పార్సిల్లో పెట్టిన ఉత్తరం

చి. అమ్మలుకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీ క్షేమం వెంటనే తెలుపవలెను. ఆ 'వెంటనే' అన్న మాట మీ అమ్మ పక్కన నిలబడి రాయించింది. నేనైతే వదిలేసేవాణ్ణి.

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకోకు. ఫోన్ చేస్తే "ల్యాబ్‌లో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అంటావు. ఆ మళ్లీ కోసం చూస్తుండగానే మూడు ఆదివారాలు వెళ్లిపోయాయి. వాట్సాప్‌లో మాత్రం బొటనవేలు బొమ్మ వస్తోంది. అది మీ మామ్మకి చూపిస్తే "పిల్ల నీకు వేలు చూపిస్తోందేంట్రా" అంది. ఎలాగూ పార్సిల్ పంపుతున్నాం కదా, రెండు కాగితాలు లోపల పెడితే బరువేం పెరగదని రాస్తున్నాను. అంతే తప్ప ప్రత్యేకించి విషయమేం లేదు.

ఇక్కడ కోతలు మొదలయ్యాయి. వాయుగుండం అంటున్నారు టీవీలో, కుప్పలు వేసినవాళ్లందరికీ టెన్షనే. మా కరెంటువాళ్లకి మామూలే, గాలి వీస్తే చాలు చెరువులకి కరెంటిచ్చే ఫీడరు లైను ట్రిప్పవుతుంది, ఐదు నిమిషాలకి రొయ్యల రైతుల ఫోన్లు మొదలు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే వాళ్ల ప్రాణాలు ఆగినంత పని. బుజ్జిగాడు ఇంటర్ పుస్తకాలు తెరిచి ఫోన్ చదువుతున్నాడు. అక్క నోట్సు ఉంది కదరా అంటే, అక్క రాత నాకు అర్థం కాదు అంటాడు. గంగ ఈనింది, పెయ్య. ఇంకా పేరు పెట్టలేదు, నువ్వొచ్చాక పెడతావని.

అన్నట్టు మొన్న తణుకులో చంటి పెళ్లికి వెళ్లాం. భోజనాల్లో రాజ్యలక్ష్మి గారు మా పక్క విస్తరి. వాళ్లబ్బాయి మీ క్యాంపస్‌లోనే, నీకంటే ఒక ఏడాది చిన్న. ఆవిడ పనసపొట్టు కూర కలుపుకుంటూ, "మీ అమ్మాయి ఒక డిగ్రీ వదిలేస్తోందట కదండీ, మా వాడు చెప్పాడు, రెండు పేపర్లు విత్‌డ్రా కూడా చేసిందట" అంది. నేను "అబ్బే, అదేం లేదండీ" అన్నాను. ఉందో లేదో నాకేం తెలుసు? పెరుగన్నం తినకుండానే లేచాను. ఆ మాట పట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాననుకోకు. పెళ్లి బాగా జరిగిందని చెప్పడానికి రాశాను. చంటి కూడా నిన్ను అడిగాడు.

చలి ఎలా ఉంది? పిలానీలో రాత్రుళ్లు బాగా పడిపోతోందని ఫోన్లో చూస్తున్నాను. మన ఊరి ఉష్ణోగ్రత కింద మీ ఊరిది కూడా పెట్టించాను బుజ్జిగాడి చేత. పొద్దున లేవగానే చూసేది అదే. గోధుమరంగు స్వెట్టరు వేసుకో, ఎర్రది పల్చన. తలకి నూనె రాయకుండా తిరుగుతున్నావేమో, అక్కడ నీళ్లకి జుట్టు ఊడుతుందని నువ్వే అన్నావు.

నిన్ను అక్కడ చేర్చిన రోజులు గుర్తున్నాయి కదా. ఢిల్లీలో రైలు దిగి, బస్సులో ఇంకో రెండు వందల కిలోమీటర్లు. దారంతా ఇసుక, ఒంటెలు. బిట్స్ కాలేజీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో సీటు వచ్చింది అంటే మన వాళ్లలో ఒక్కళ్లకీ అర్థం కాలేదు. ఇంటర్ అవగానే ఎమ్మెస్సీ ఏంటి? అది ఐదేళ్లది, మొదటి ఏడాది సీజీపీఏ బట్టి ఇంజనీరింగ్ కూడా ఇస్తారు, చివరికి రెండు డిగ్రీలూ చేతికొస్తాయి అని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఏడాది చివర నీకు ఎలక్ట్రికల్ వచ్చిందని ఫోన్ చేసినప్పుడు నేను సబ్‌స్టేషన్లో ఉన్నాను. లాగ్‌షీట్‌లో రీడింగులు రాస్తూ ఆ గంట గడిలో నీ సీజీపీఏ రాసేశాను. కొట్టేసి పక్కన రాసినది ఇప్పటికీ ఉంది. మా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు చూసి ఏమీ అనలేదు.

మీ పెద్దనాన్న మాత్రం ఆ రోజే "రెండు పడవల మీద కాళ్లు పెడుతోంది" అన్నాడు. నాకు అప్పుడు జవాబు తోచలేదు. మొన్న సఖినేటిపల్లి వెళుతూ నరసాపురం రేవులో తోచింది. పంటు అంటే ఏంటి? రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచిందే కదా. దాని మీద మనుషులే కాదు, బళ్లు, కార్లు కూడా గోదారి దాటుతున్నాయి. ఒంటి పడవ మీద కారు ఎక్కించమను చూద్దాం. ఈ మాట ఆయనతో అనాలని వారం నుంచి ఎదురుచూస్తున్నాను, ఆయనేమో రావడం లేదు.

కాని పంటు నడవాలంటే కట్టిన తాళ్లు బిగువుగా ఉండాలమ్మా. మూడో ఏడాదిలో ఎలక్ట్రికల్ పేపర్లు వచ్చి మీద పడతాయని, జూనియర్లతో కూర్చోవాల్సి వస్తుందని, నువ్వే ముందు చెప్పావు. పొద్దున క్వాంటం, మధ్యాహ్నం మెషిన్స్ అంటే ఎవరికైనా తల తిరుగుతుంది. నిద్ర మానేసి చదివితే ఎక్కదు. మా వాళ్లలో డబుల్ డ్యూటీ చేసి స్తంభం ఎక్కినవాడే జారిపడ్డాడు. రోజూ కొంచెం కొంచెం చదవాలి, వారం రోజుల్లో చదివేద్దాం అనుకుంటే... సరే, లెక్చరివ్వను అనుకునే మొదలుపెట్టాను, ఇక్కడితో ఆపుతున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు చెప్పిన సంగతి మాత్రం నేను మా సబ్‌స్టేషన్లో అందరికీ చెప్పాను. ఒకే లెక్క, మైనస్ ఒకటి వర్గమూలాన్ని ఫిజిక్స్ క్లాసులో 'ఐ' అని రాస్తారు, ఎలక్ట్రికల్ క్లాసులో 'జె' అని రాస్తారు, ఎందుకంటే వీళ్లకి 'ఐ' అంటే కరెంటు కదా. పైగా ఒకళ్లు ప్లస్ పెట్టిన చోట ఇంకొకళ్లు మైనస్ పెడతారని, దాంతో ఒక పరీక్షలో నీకు గుర్తు తిరగబడి మార్కులు పోయాయని. నువ్వు ఏడుపు మొహం పెట్టావు గాని నాకు నవ్వొచ్చింది. నిన్ను అమ్మమ్మగారింట్లో సుబ్బలక్ష్మీ అంటే పలుకుతావు, ఇక్కడ అమ్మలూ అంటే పలుకుతావు. ఎప్పుడైనా తికమక పడ్డావా?

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. చెప్పానేమో కూడా, మీ అమ్మైతే వందసార్లు చెప్పారంటుంది. 1996 నవంబరు తుపాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, కాంట్రాక్టరు కింద హెల్పరుని. అప్పటికింకా విద్యుత్ బోర్డే, ట్రాన్స్‌కో గీన్స్‌కో లేవు. కోనసీమలో స్తంభాలు ఒక్కటి నిలబడితే ఒట్టు. కొబ్బరిచెట్లు తలల్లేకుండా ఉండేవి, కాలవల్లో చచ్చిన గొడ్లు. మమ్మల్ని లారీలో తీసుకెళ్లి ఒక బడిలో దింపారు. రాత్రి బెంచీల మీద పడక, పగలు పులిహోర పొట్లాలు. పులిహోరంటే నాకు ఎందుకు పడదో ఇప్పుడు తెలిసిందా? పదకొండు రోజులు అదే. సూరిబాబు గారని లైన్‌మన్, మా గ్యాంగుకి పెద్ద. మనిషి సన్నంగా ఉండేవాడు, చెవిలో చుట్ట, మాట కటువు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు, రోజూ రాత్రి వాళ్ల పేర్లు చెప్పి పడుకునేవాడు. సరే, అది వేరే కథ.

ఒకరోజు కాలవగట్టు మీద 33 కేవీ లైను సరిచేస్తున్నాం. పక్కనే కాస్త దూరంలో 132 కేవీ పెద్ద లైను, దాన్ని ముందురోజే ఛార్జ్ చేశారు. మా లైనుకి ఎల్.సి., అంటే కరెంటు ఆపినట్టు లైన్ క్లియర్, తీసుకున్నాం, బ్రేకరు తీసేశారు, లైనుని విడదీసే ఏబీ స్విచ్ తెరిచి ఉంది, నేనే కళ్లారా చూశాను. అవతల కొస తెగి కాలవలో పడి ఉంటే దాన్నీ విడదీసేశాం. ఇంకేం కరెంటు? చీకటి పడేలోపు జంపరు కట్టేసి దిగిపోదామని ఎక్కేశాను. చెయ్యి చాపబోతుంటే కింద నుంచి సూరిబాబు గారు ఒక బూతు తిట్టాడు. మీ అమ్మ చదువుతుందని ఇక్కడ రాయడం లేదు. దిగమన్నాడు. ఎర్త్ కొట్టావా, అంటే తీగని భూమికి కలిపావా అన్నాడు. లైను డెడ్డే కదండీ అన్నాను. ఆయన మాట్లాడకుండా డిశ్చార్జి రాడ్డు తీసి, కింద ఎర్త్ బిగించి, పైన తీగకి తగిలించాడు. ఠప్పుమని నీలంగా మెరుపు. తల వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "తీగ చచ్చిందో లేదో నువ్వు అనుకుంటే సరిపోదురా, దాన్నే అడగాలి" అన్నాడు, చుట్ట ముట్టించుకున్నాడు.

రెండు వైపులా తెగ్గొట్టిన తీగలోకి కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది? అడిగితే సూరిబాబు గారు "ఇండక్షన్" అన్నాడు. ఏఈ గారిని అడిగితే ఆయనా "ఇండక్షన్" అన్నాడు. అంటే ఏంటని రెండోసారి అడిగే ధైర్యం నాకు లేదు. బీఎస్సీ చేరి ఫీజు కట్టలేక మధ్యలో మానేసినవాణ్ణి. అప్పటి నుంచి ఎక్కిన ప్రతి స్తంభం దగ్గరా ఎర్త్ కొట్టాను, కాని ఎందుకో తెలియకుండానే కొట్టాను.

నువ్వు ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా ఒక సాయంత్రం వరండాలో ఊరికే అడిగాను. నువ్వు గోడ మీది క్యాలెండరు చింపి వెనక బొమ్మ గీశావు. రెండు తీగలు, మధ్యలో గాలి, అదే కెపాసిటర్ కదా నాన్నా అన్నావు. పక్క తీగ ఛార్జ్‌లో ఉంటే ముట్టుకోకుండానే దీనికి వోల్టేజి ఎక్కుతుంది, నువ్వు ముట్టుకుంటే నీ గుండా భూమిలోకి పోతుంది అన్నావు. అవతలి దాంట్లో కరెంటు పారుతుంటే అయస్కాంతం వల్ల వచ్చేది ఇంకొకటి ఉందని ఇంకో బొమ్మ. నాలుగు నిమిషాలు పట్టింది నీకు. ఇరవై ఏళ్ల పైమాట కదమ్మా అది నాకు. ఆ క్యాలెండరు కాగితం బీరువాలో పొలం కాగితాల్లో ఉంది. అవనిగడ్డ పిన్ని "ఫిజిక్స్ ఎందుకు, టీచరు ఉద్యోగానికా" అన్నప్పుడు నేను నోరెత్తకుండా ఊరుకున్నది అందుకే. అయినా మన అగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు చదివింది ఫిజిక్సే కదా, దేశానికి రక్షణ మంత్రి దగ్గర శాస్త్ర సలహాదారుగా చేశారు. అది పిన్నికి ఎవరు చెప్పాలి?

కాబట్టి ఫిజిక్స్ వదలమని నేను అనను. ఎలక్ట్రికల్ వదలమనీ అనను. నువ్వే చెప్పావు, ఫిజిక్స్‌లో పేరుమోసిన డిరాక్ గారు ఇంగ్లండులో బ్రిస్టల్‌లో ఎలక్ట్రికల్ చదివి 1921లో బయటికొస్తే ఉద్యోగం దొరక్క లెక్కల వైపు వెళ్లాడని. బార్డీన్ గారు ఎలక్ట్రికల్‌లో బీఎస్, ఎంఎస్ చేసి, తర్వాత ఫిజిక్స్‌కి మళ్లి, ట్రాన్సిస్టర్‌కి 1956లో ఒకటి, సూపర్ కండక్టివిటీకి 1972లో ఒకటి, రెండు నోబెళ్లు కొట్టాడని. ఫిజిక్స్‌లో రెండుసార్లు తెచ్చుకున్నది ఆయనొక్కడేనని కూడా అన్నావు. నేనేం అనడం లేదు. ఇద్దరూ ఎలక్ట్రికల్ మాత్రం మధ్యలో వదల్లేదు, పూర్తి చేశాకే వెళ్లారు. ఊరికే గుర్తు చేస్తున్నాను.

పేపర్లు విత్‌డ్రా చేస్తే చేశావు. మళ్లీ రాస్తావు, ఇంకో సెమిస్టర్ పడితే పడుతుంది. డబ్బు సంగతి నువ్వు ఆలోచించకు, పీఎఫ్ లోను గురించి మీ అమ్మ ఏదైనా చెప్పి ఉంటే అది నమ్మకు. ఒంట్లో బాగా లేకపోతే అది వేరే. జ్వరమొచ్చిందా? రాజ్యలక్ష్మి గారబ్బాయి నిన్ను మెస్సులో చూడటం లేదన్నాడట. ఈ మాట మీ అమ్మకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

పార్సిల్లో ఆవకాయ సీసా ఉంది, మూతకి టేపు నాలుగు చుట్లు చుట్టాను, బ్లేడుతో కోసుకో, పళ్లతో లాగకు. కందిపొడి, కరివేపాకు పొడి వేరువేరు కవర్లు. సున్నుండలు ముప్పై ఉన్నాయి, రూములో పిల్లలకి పెట్టు, కాని పది నీకు దాచుకో. మామ్మ నేతి డబ్బా పెట్టింది, చలికి గడ్డ కడుతుంది, వేడినీళ్లలో పెడితే చాలు. అడుగున ఇన్సులేషన్ టేపు, టెస్టరు పెట్టాను, పాతది పారెయ్.

ఆదివారం రాత్రి నాకు నైట్ డ్యూటీ పడితే వేరేవాళ్లతో మార్చుకున్నాను. తొమ్మిది నుంచి ఇంట్లోనే ఉంటాను.

మీ నాన్న

తా.క. నీళ్లు కాచుకోవడానికి బకెట్లో హీటరు రాడ్డు పెడుతున్నారని పోయినసారి విన్నాను. వద్దని చెప్పినా మానవని తెలుసు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పూర్తిగా పీకి, రాడ్డు బయటికి తీసి, అప్పుడు మాత్రమే నీళ్లలో వేలు పెట్టు. ప్లాస్టిక్ బకెట్ అయినా సరే. కాళ్లకి చెప్పులు ఉండాలి. ఆదివారం ఫోన్లో ముందు ఇదే అడుగుతాను.