పై వంతెన సరే, కింది రోడ్డు ఎవరిది?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించే స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైనప్పటి నుంచి, సైకిలు మీద ఉద్యోగానికి వెళ్లే నాలాంటి ఆడవాళ్లకు తిరుపతిలో ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతోంది. ‘ఊరికే బస్సు ఎక్కించుకుంటుంటే నీకీ తొక్కుడు ఖర్మ ఏమిటమ్మా?’ అని అడుగుతున్నారు. అడిగేవారి మాటలో ఆదరణే తప్ప ఎగతాళి లేదు కనుక నొచ్చుకోను. అయితే సైకిలుకూ బస్సుకూ పోటీ ఉందని, ఒకటి వచ్చాక రెండోదానితో పని ఉండదని ఆ ప్రశ్న అనుకుంటోంది. రోడ్ల విషయంలో నిర్ణయాలు చేసే పెద్దల ఆలోచన కూడా ఇలాగే సాగుతున్నట్టు తోచడం వల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పద్మావతిపురంలో ఉంటాను. అలిపిరి రోడ్డులోని ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇంటికీ పనికీ మధ్య దూరం ఐదారు కిలోమీటర్లు. కొండ వైపు వెళ్లేకొద్దీ రోడ్డు మెల్లగా మిట్ట ఎక్కుతుంది కాబట్టి వెళ్లేటప్పుడు అరగంట పడుతుంది. వచ్చేటప్పుడు చాలా దూరం తొక్కవలసిన పనే ఉండదు. ఇదే ప్రయాణం బస్సులో చేయాలంటే బస్టాండు దాకా ఒకటి, అక్కడి నుంచి మరొకటి మారాలి. ఎక్కి కూర్చున్న సేపు తక్కువే అయినా, రెండు చోట్లా ఎదురుచూసే సమయం ఎంతవుతుందో ముందుగా చెప్పలేము. ఉదయం ఏడు గంటలకు నేను వెళ్లి సంతకం పెడితేనే రాత్రి షిఫ్టు చేసిన మనిషి ఇంటికి వెళ్లగలడు. అటువంటి ఉద్యోగాల్లో ఉన్నవారికి, ఎప్పుడు వస్తుందో తెలియని ఉచిత బస్సు కన్నా, ఎప్పుడు వస్తుందో తెలిసిన టిక్కెట్టు బస్సు మేలు.

ఇది బస్సుల మీద ఫిర్యాదు కాదు. మా విభాగంలోనే చంద్రగిరి నుంచి, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి రోజూ వచ్చేవారు ఉన్నారు. ఆధార్ కార్డు చూపించి సున్నా టిక్కెట్టు తీసుకునే సౌకర్యం వచ్చాక వారి జీతంలో ప్రతి నెలా మిగులుతున్న సొమ్ము చిన్నది కాదు. అంతకు ముందు ఛార్జీలు భరించలేక ఉద్యోగం మానేద్దామనుకున్నవారు కూడా ఇప్పుడు ధైర్యంగా వస్తున్నారు. పది, ముప్పై కిలోమీటర్ల అవతల నుంచి వచ్చేవారికి సైకిలు గురించి చెప్పడం అన్యాయం. వారికి బస్సే దిక్కు, ఆ బస్సులు ఇంకా పెరగాలి. నేను మాట్లాడుతున్నది నగరం లోపలే, ఐదారు కిలోమీటర్ల మేర తిరిగే పనివాళ్ల గురించి.

వీరిని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడానికి కారణం మన నగరం స్వభావంలోనే ఉంది. తిరుపతిలో రవాణా అంటే యాత్రికుల రవాణా అనే అర్థం స్థిరపడిపోయింది. 2022 సెప్టెంబరులో అలిపిరి డిపోకు వంద ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించినప్పుడు సగం తిరుమల ఘాట్ రోడ్డుకు, తక్కినవి రేణిగుంట విమానాశ్రయానికి, నెల్లూరు, కడప, మదనపల్లె పట్టణాలకు నిర్ణయించారు. కొండకు వెళ్లే భక్తులకు పొగలేని బస్సులు కావలసిందే, అందులో వాదన లేదు. కానీ కొర్లగుంట నుంచి ఎం.ఆర్.పల్లికి, లక్ష్మీపురం సర్కిల్ నుంచి యూనివర్సిటీకి ప్రతిరోజూ తిరిగే స్థానికుల వంతు ఎప్పుడన్నది ఆ పంపకంలో కనిపించదు. ఆ లోటును ఇన్నేళ్లుగా పూడుస్తున్నది షేర్ ఆటోలే. ఉచిత బస్సు వల్ల ఆదాయం తగ్గిందని ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయల సాయం ప్రకటించింది, మంచిదే. అయినా ముగ్గురు కూర్చోవలసిన చోట ఏడుగురిని సర్దుకుని, ఎక్కడ చెయ్యి ఎత్తితే అక్కడ ఆగే బండి మీద ఒక నగరం తన పనివాళ్ల భారమంతా మోపడం డ్రైవరుకూ క్షేమం కాదు, ప్రయాణికులకూ క్షేమం కాదు.

ఇక తెల్లవారుజామున రోడ్డు మీద ఎవరుంటారో చూడండి. స్వామివారి సుప్రభాత వేళకే ఈ ఊరు లేచి పనిలో పడుతుంది. పాలు పోసేవారు, పేపరు వేసేవారు, పూలబుట్టలు మోసుకెళ్లేవారు, మెస్సుల్లో వంటవాళ్లు, సత్రాల్లో గదులు శుభ్రం చేసేవారు, వాచ్‌మన్లు, మేస్త్రీలు, కూలీలు, వీరిలో ఎందరో సైకిళ్ల మీదే వస్తారు. పర్యావరణం గురించి ప్రసంగాలు విని సైకిలు పట్టినవారు కారు వీరు. ఆ వేళకు తమ దారిలో బస్సు ఉండదు గనుక, బండికి పెట్రోలు పోయించే స్తోమత లేదు గనుక తొక్కుతున్నారు. వీరందరినీ వదిలేసి, ఆదివారం ఉదయం హెల్మెట్లు పెట్టుకుని ర్యాలీకి వచ్చేవారిని మాత్రమే సైకిలు ప్రియులుగా ఫోటోలు తీయడం నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది.

నేను ప్రధానంగా అడగదలచింది నగరం మధ్య నుంచి సాగే పై వంతెన గురించి, దాని కింది రోడ్డు గురించి. దానిని మొదట గరుడ వారధి అన్నారు, తరువాత శ్రీనివాస సేతు అన్నారు; ఏ పేరుతో పిలిచినా, తిరుచానూరు మార్కెట్ యార్డు వైపు నుంచి శ్రీనివాసం, బస్టాండు, లీలామహల్ మీదుగా కపిలతీర్థం దాపులోని నంది సర్కిల్ వరకు సాగే ఆ పొడవైన కట్టడం స్మార్ట్ సిటీ నిధులతోను, తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన వాటాతోను పూర్తయి 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. దాని ఉద్దేశం స్పష్టం. కొండకు వెళ్లే వాహనాలు ఊరి మధ్యలో చిక్కుకోకుండా నేరుగా అలిపిరి చేరాలి. ఆ ఉద్దేశం చాలావరకు నెరవేరింది, ఒప్పుకోవాలి. పైకి వెళ్లవలసినవి పైకి వెళ్లిపోయాయి. అలాంటప్పుడు కింద రోడ్డు మీద కొంత చోటు మిగలాలి కదా? ఆ మిగిలిన చోటు ఎవరికి దక్కింది?

రోజూ ఆ నీడలో వెళ్లే మనిషిగా చెబుతున్నాను, అది నిలిపి ఉంచిన వాహనాలకు దక్కింది. స్తంభాల వరుసకు ఇరువైపులా టెంపో ట్రావెలర్లు, కార్లు, ఆటోలు నిలిపి ఉంటాయి. వాటిని తప్పించుకోవడానికి సైకిలు రోడ్డు మధ్యకు రావాలి. వచ్చిన క్షణాన వెనుక నుంచి హారను మోగుతుంది. నిలిపి ఉన్న కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అన్నిటికన్నా భయపెట్టేది స్తంభం చాటు. యూటర్న్ తీసుకునే బండి స్తంభం దాటి ముందుకు వచ్చేదాకా మనకు కనపడదు, మనం దానికి కనపడము. పైనుంచి రాలిన ఇసుక, మట్టి డివైడరు పక్కన పేరుకుంటే బ్రేకు పట్టినప్పుడు సన్నటి టైరు జారుతుంది. మోటారు బండ్ల మీద వెళ్లేవారికి ఇవేవీ పెద్ద సంగతులు కావు, అందుకే వీటి గురించి ఎవరూ అర్జీ పెట్టరు.

నిజానికి సైకిలు బాటకు ఇంతకన్నా అనువైన చోటు తిరుపతిలో మరొకటి లేదు. మే నెలలో రేణిగుంట, తిరుపతి పరిసరాల్లో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలు. సైకిలు వద్దనుకునేవారు మొదట చెప్పే కారణం ఆ ఎండే. అటువంటి ఊరిలో కిలోమీటర్ల పొడవునా కప్పు ఉన్న దారి సిద్ధంగా ఉంది. కొత్తగా స్థలం సేకరించనక్కరలేదు, చెట్లు కొట్టనక్కరలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిలు బాటల కోసం ప్రత్యేకంగా ప్రమాణాలు రూపొందించి ప్రచురించింది. వాహనాలను కాక మనుషులను దృష్టిలో పెట్టుకుని రోడ్డు స్థలాన్ని పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. అదే మాట మన నగరంలో స్తంభాల పక్కన అమలు చేయడానికి అడ్డేమిటో పురపాలక అధికారులు చెప్పాలి. వట్టి రంగు గీత గీసి ఊరుకుంటే మాత్రం ప్రయోజనం లేదని ముందే మనవి చేస్తున్నాను. గీత మీదనే బండి నిలపడం మనకు అలవాటు. మోటారు వాహనం దూరకుండా, సైకిలు మాత్రం పట్టేంత ఎడంతో పొట్టి స్తంభాలు పాతాలి. యూటర్న్ ఉన్న ప్రతి చోటా వేగం తగ్గించే ఏర్పాటు ఉండాలి. బండ్లు నిలుపుకునేవారికి వేరే చోటు చూపించాలి. చూపించకుండా తొలగిస్తే వారం తిరగకముందే మళ్లీ అక్కడికే వస్తారు.

వర్షం విషయం వేరు. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. 2021 నవంబరులో నగరం ఎలా మునిగిందో చూసినవారెవరూ సైకిలు అన్ని కాలాలకూ సరిపోతుందని అనరు. రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచిన రోజున సైకిలు ఇంట్లోనే ఉండాలి. రాత్రి షిఫ్టు ముగిసినప్పుడు, ఒంట్లో నలతగా ఉన్నప్పుడు నేను కూడా బస్సే ఎక్కుతాను. గర్భిణులకు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి సైకిలు ఎప్పుడూ పనికిరాదు. ఒకే మనిషికి సోమవారం సైకిలు, మంగళవారం బస్సు అవసరం కావచ్చు. ఇంటి నుంచి స్టాపు దాకా సైకిలు, అక్కడి నుంచి బస్సు అవసరం కావచ్చు. ఈ రెంటినీ కలపకుండా ఒకదానిని చూపించి రెండోదానిని మానుకోమనడం వల్లనే జనం చివరకు అప్పు చేసి స్కూటీ కొంటున్నారు.

ఈ సందర్భంలో ఒక ప్రభుత్వ పథకం గుర్తుకు వస్తుంది. ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల్లో చదివే ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. వరుసగా సైకిళ్ల మీద బడికి వెళ్లిన ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఉద్యోగాలు చేసే వయసుకు వచ్చారు. వారిలో ఎందరు ఇంకా సైకిలు తొక్కుతున్నారు? పల్లె దారిలో తొక్కిన ధైర్యం నగరం రోడ్డు మీద పనికిరాలేదు. కాలేజీ వయసు రాగానే ఇంట్లోవాళ్లు వద్దంటారు, ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్నది ఒక కారణమైతే, లారీల మధ్య పిల్లను పంపడానికి మనసొప్పకపోవడం మరొక కారణం. మొదటిది కాలంతో పోతుంది. రెండోది రోడ్డు మారితే తప్ప పోదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొనడం సులువైంది, తొక్కడం మాత్రం సులువు కాలేదు.

బ్రహ్మోత్సవాల రోజుల గురించి కూడా ఒక మాట. ఆ తొమ్మిది రోజులు వాహనాల మళ్లింపు తప్పదు, దానికి ఎవరమూ గొణగము. అయితే బారికేడ్ దగ్గర కారుకు వర్తించే నియమమే సైకిలుకూ వర్తిస్తే, దిగి నెట్టుకుంటూ వెళతామన్నా ఒక్కోసారి ఒప్పుకోకపోతే, డ్యూటీకి వెళ్లేవారు ఊరంతా చుట్టి రావలసి వస్తుంది. గుర్తింపు కార్డు చూపిన సైకిలు ప్రయాణికులను నడిచివెళ్లేవారితో సమానంగా వదిలిపెట్టమని ట్రాఫిక్ సిబ్బందికి ముందే రాతపూర్వకంగా చెబితే సరిపోతుంది, ఖర్చు లేని పని.

బస్సుల వైపు నుంచి కావలసింది కూడా పెద్ద కోరిక కాదు. ఉదయం ఆరు నుంచి ఏడు వరకు, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో, రాత్రి తొమ్మిది తరువాత, షిఫ్టులు మారే వేళల్లో తిరుచానూరు, బస్టాండు, లీలామహల్, ఆసుపత్రుల మీదుగా అలిపిరి దాకా వెళ్లి తిరిగి వచ్చే చిన్న బస్సులు నడపాలి. వాటి వేళలు స్టాపుల్లో రాసిపెట్టాలి. నగరాలకు ఎలక్ట్రిక్ బస్సులు ఇచ్చేందుకు కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ జాబితాలో మన నగరం కూడా ఉంది. ఆ బస్సులు రోడ్డెక్కే రోజున ఈ దారిని, ఈ వేళలను మొదట చూడమని కోరుతున్నాను.

వాటితోపాటు బస్టాండు ఆవరణలోను, ఆసుపత్రుల కూడలిలోను సైకిళ్లకు కప్పు ఉన్న స్టాండు ఏర్పాటు చేయాలి. ఒక కారు నిలిపే చోటులో ఎనిమిది, పది సైకిళ్లు పడతాయి కనుక స్థలం లేదన్న మాట చెల్లదు. ఇప్పుడున్న స్టాండ్లలో సైకిలును బండ్ల వెనక గోడకు ఆనించమంటారు. సాయంత్రం దాన్ని బయటకు లాగేలోపు హ్యాండిల్ వంకరపోవడమో, మడ్‌గార్డు నలగడమో జరుగుతుంది. వరుసగా గొలుసు వేసుకునే ఇనుప కడ్డీలు, రాత్రి వెలుతురు, నెలవారీ పాస్ ఉంటే చాలు. టెండరు పిలిచేటప్పుడు తెల్లవారుజామున నాలుగు గంటలకు తెరిచి రాత్రి పదిన్నర వరకు ఉంచాలన్న షరతు కూడా అందులో చేర్చాలి. లేకపోతే కాంట్రాక్టరు ఎనిమిదింటికే తాళం వేసుకుని వెళతాడు, రెండో షిఫ్టు దిగినవారి సైకిలు మరునాటి దాకా లోపలే ఉండిపోతుంది.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
పద్మావతిపురం, తిరుపతి.