డయాలసిస్ కేంద్రాల బ్యాటరీ బ్యాకప్: టెండర్‌లోనే రాయాల్సిన విషయాలు

సంపాదకులకు,

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. మూడు తుపానులూ అక్టోబరులోనే శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీశాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు కూలి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కిడ్నీ రోగులు ఎక్కువగా ఉన్నదీ ఆ ఉద్దానంలోనే. జనరేటర్ ఉండగా బ్యాటరీలు ఎందుకనే వాళ్లూ, ఏదో ఒక బ్యాటరీ కొని పడేస్తే సరిపోతుందనే వాళ్లూ తుపాను ముంచుకొచ్చే లోపే ఈ సంగతులు గమనించాలి.

డయాలసిస్ సాగుతున్నంతసేపూ నిమిషానికి 250-300 మిల్లీలీటర్ల రక్తం మిషన్ పంపు గుండా తిరుగుతుంది. ట్యూబుల్లో, డయలైజర్‌లో (రక్తాన్ని వడకట్టే ఫిల్టర్) కలిపి 200 మిల్లీలీటర్ల వరకు రక్తం ఎప్పుడూ ఒంటికి బయటే ఉంటుంది. కరెంటు పోతే మిషన్ లోపలి చిన్న బ్యాటరీ ఆ పంపును పావుగంటో ఇరవై నిమిషాలో నడుపుతుంది. రక్తాన్ని శుద్ధి చేసే డయాలసిస్ ద్రవాన్ని వేడిచేసే హీటరు ఆగిపోతుంది, చల్లటి ద్రవాన్ని మిషన్ డయలైజర్‌లోకి పంపదు కాబట్టి రక్తం తిరుగుతుందే గాని శుద్ధి కాదు. ఆ చిన్న బ్యాటరీ పాతదైతే పంపు కూడా నిలిచిపోతుంది. అప్పుడు నర్సు పంపు మూత తెరిచి, పిడి బిగించి, చేత్తో తిప్పుతూ రక్తాన్ని రోగి ఒంట్లోకి తిరిగి పంపాలి. ఆలస్యమైతే రక్తం ట్యూబుల్లోనే గడ్డకడుతుంది. అయిదుగురు రోగులకు ఇద్దరు నర్సులుంటే ఈ పని ఒకేసారి ఎవరికి చేయగలరు?

జనరేటర్ 10-15 సెకన్లలో అందుకున్నా మిషన్లకు శుద్ధమైన నీళ్లిచ్చే ఆర్వో ప్లాంటు ఆగి మళ్లీ మొదలవ్వాలి, డయాలసిస్ ద్రవం వేడి, కండక్టివిటీ (అందులోని లవణాల పాళ్లు) కుదురుకోవాలి. ఆ కాస్త ఖాళీకే కొన్ని నిమిషాల చికిత్స పోతుంది. జనరేటర్ అసలు అందుకోకపోతే చాలాసార్లు తప్పు ఇంజనుది కాదు, దాన్ని స్టార్ట్ చేసే బ్యాటరీది. ట్యాంకులో నిలవున్న డీజిల్‌లో నీరు చేరడం రెండో కారణం.

బ్యాటరీ ఎంత కావాలో లెక్క కట్టడం కష్టం కాదు. అయిదు మిషన్లకు సగటున ఒక్కోదానికి 1.5 కిలోవాట్ల చొప్పున 7.5, ఆర్వోకి 2, లైట్లు, ఫ్యాన్లు, మందుల ఫ్రిజ్‌కి అర. మొత్తం 10 కిలోవాట్లు. జనరేటర్ మొరాయిస్తే మెకానిక్ వచ్చేదాకా కనీసం రెండు గంటలు నిలబడాలనుకుంటే 20 యూనిట్లు. బ్యాటరీలో 80 శాతమే వాడుకోవాలి, ఇన్వర్టర్లో మరో 10 శాతం పోతుంది. ఆ రెండూ కలిపితే దాదాపు 28 యూనిట్లవుతుంది. 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పెట్టె (మాడ్యూల్) ఒక్కోటి 5.12 యూనిట్లు కాబట్టి ఆరు మాడ్యూళ్లు కావాలి. ఏసీలు, గీజర్లు, ఆఫీసు గదులు ఈ లైనులో కలిస్తే లెక్క తల్లకిందులవుతుంది. అందుకే డయాలసిస్ గదికి, ఆర్వోకి విడిగా ఒక ప్యానెల్ బోర్డు వేయించాలి. అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. జరగనిది కూడా ఇదే.

సగటు లోడ్ పది కాబట్టి ఇన్వర్టర్ కూడా పది కేవీఏ చాలనుకుంటారు. మిషన్ల హీటర్లు ఒకేసారి ఆన్ అయితే, ఆర్వో మోటారు స్టార్టింగ్‌లో అయిదారు రెట్ల కరెంటు లాగితే అది ట్రిప్ అవుతుంది. 20 కేవీఏ ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్, ఆర్వో మోటారుకు సాఫ్ట్ స్టార్టర్ (మోటారును మెల్లగా స్టార్ట్ చేసేది) పెట్టాలి. జనరేటర్ అందుకోగానే ఇన్వర్టర్ ఒకపక్క లోడ్ నడుపుతూ మరోపక్క ఖాళీ బ్యాటరీలను చార్జ్ చేయడం మొదలుపెడుతుంది. జనరేటర్ చిన్నదైతే అక్కడే కూలబడుతుంది. చార్జింగ్ కరెంటుకు పరిమితి పెట్టించడం మరవకూడదు.

ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు చవకే. కానీ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతాయి. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మన వేసవి ఉక్కలో కిటికీ లేని గదిలో పెడితే ఇక చెప్పనక్కర్లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మేలు. సెల్స్‌కు ఐఈసీ 62619 భద్రతా సర్టిఫికెట్ అడగాలి. వాటినైనా ఆక్సిజన్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లను పైపులకు కలిపే చోటు) పక్కన, మెట్ల కింద పెట్టకూడదు. వరద నీరు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుని అంతకు మీటరు ఎత్తున దిమ్మె కట్టాలి.

10 కిలోవాట్ల లోడ్‌కి డీసీ వైపు, అంటే బ్యాటరీల నుంచి ఇన్వర్టర్‌కు, 200 ఆంపియర్లు దాటి పారుతుంది. లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు కొస) కాస్త వదులైనా ఆ చోట కాలిపోతుంది. సముద్రపు గాలికి రాగి పచ్చబారుతుంది కాబట్టి తగరం పూసిన లగ్గులే వాడి, టార్క్ రెంచ్‌తో బిగించాలి. మాడ్యూళ్ల నుంచి బస్‌బార్‌కు (అన్ని కేబుళ్లూ కలిసే లోహపు పట్టీ) వచ్చే కేబుళ్లన్నీ ఒకే పొడవుండాలి, లేకపోతే దగ్గరున్న మాడ్యూలే ఎక్కువ మోసి ముందుగా పాడవుతుంది. డీసీ వైపు మామూలు ఏసీ ఎంసీబీ పెడితే అది తెగేటప్పుడు లేచే మెరుపు (ఆర్క్) ఆరదు, నిప్పు పుడుతుంది. డీసీ ఫ్యూజు తప్పనిసరి.

మేడ మీద సోలార్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. మామూలు గ్రిడ్ టై ఇన్వర్టర్ (లైనులో కరెంటు ఉంటేనే పనిచేసేది) ఉన్న చోట లైను పోగానే, లైన్‌మన్ ప్రాణాలు కాపాడడం కోసం, ప్యానెళ్లు కూడా పనిచేయడం మానేస్తాయి. ఎండ మండుతున్నా ఒక్క బల్బు వెలగదు. అదే బ్యాటరీలతో కూడా పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్‌తో కలిపితే 10 కిలోవాట్ల ప్యానెళ్లు ఎండ ఉన్న రోజున 40 యూనిట్ల దాకా ఇస్తాయి. డీజిల్ లారీ రాలేని రోజుల్లో రోజుకొక షిఫ్టు డయాలసిస్ నడపడానికి ఇది ఆధారమవుతుంది.

జిల్లా అధికారులకు మా విన్నపం ఒక్కటే. బిగించిన వెంటనే మొత్తం బిల్లు చెల్లించవద్దు. రోగులు లేని ఆదివారం అయిదు మిషన్లు, ఆర్వో నడిపి, మెయిన్ స్విచ్ ఆపి, జనరేటర్ కూడా ఆఫ్‌లో ఉంచి, రెండు గంటలు నిలిచిందో లేదో నర్సుల ఎదుటే చూడాలి. అదే పరీక్ష ఏటా సెప్టెంబరులో మళ్లీ చేయాలి. లోడ్ మీద పావుగంట పరీక్ష ప్రతి నెలా చేసి రిజిస్టర్‌లో రాయాలి. ఏడాది పరీక్షలో సామర్థ్యం 80 శాతం కన్నా తగ్గితే మాడ్యూళ్లు మార్చే బాధ్యత సరఫరాదారుదేనని టెండర్‌లోనే రాయాలి.

- ఆసుపత్రుల విద్యుత్ నిర్వహణ ఇంజినీర్లు, శ్రీకాకుళం