కొత్త డిష్ సరే, మోసే పాత స్టాండు సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

దసరా దాటితే మనకు తుపాన్ల కాలం. ఈలోగా విజయవాడలో సొంతిళ్లవాళ్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లు ఒక్కసారి డాబా ఎక్కి, టీవీ డిష్ నిలబడ్డ స్టాండును అడుగు దాకా వంగి చూసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఆర్టీసీ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. బోల్టులు, తుప్పు, వెల్డింగు మధ్యే బతికాను. మా డాబా మీద చూసింది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

మా విద్యాధరపురంలో ఏ డాబా ఎక్కినా పనిచేసే డిష్షుల పక్కన పనిచెయ్యనివి బోలెడు కనిపిస్తాయి. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చిన కొత్తల్లో కేబుల్ వాళ్లు పెట్టిన పెద్ద జాలీ గొడుగులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ మొదలైంది. దానికి కాస్త ముందూ వెనకా ప్రైవేటు కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి చిన్న డిష్షులతో వచ్చాయి. ఇప్పుడు చాలా ఇళ్లకు ఫైబర్ వైరే వస్తోంది. కనెక్షన్ మారినప్పుడల్లా కొత్తది పైకెక్కింది గానీ పాతది కిందికి దిగలేదు. తీసుకెళ్లమంటే కంపెనీవాళ్లు "అది మీదేనండి, మాకక్కర్లేదు" అంటారు. అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు టీవీ పట్టుకుపోతారు, డిష్ వదిలేస్తారు. ఇంటాయనకు అది ఎవరిదో కూడా గుర్తుండదు.

ఊరికే పడి ఉన్న పాత డిష్ సరే, కొత్త డిష్‌ను పాత స్టాండుకే తగిలించే అలవాటు దానికంటే ప్రమాదం. మా పై వాటాలో ఉండే పిన్నిగారికి వానొస్తే చాలు టీవీలో బొమ్మ పోయేది. కంపెనీ కుర్రాడు వచ్చి మీటరు పెట్టి డిష్ అటూ ఇటూ తిప్పి వెళ్లేవాడు. నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. చివరికి డిష్ పాతదైపోయిందని కొత్తది తెచ్చాడు. చేత్తో ఊపితే ఊగుతున్న ఆ స్టాండు పోలుకే దాన్నీ బిగించబోతుంటే ఆపాను. "బాబాయ్‌గారూ, పోలు మార్చడం మా పనిలోకి రాదండి. డిష్ పెట్టి సిగ్నల్ చూపిస్తేనే నాకు డబ్బులొచ్చేది" అన్నాడు. వాణ్ణి నేను తప్పుపట్టను. ఎండలో ఐదంతస్తులు ఎక్కి దిగే కుర్రాడికి కనెక్షన్ లెక్కన కూలి ఇచ్చి, స్టాండు సంగతి ఎవరికీ అప్పజెప్పకుండా వదిలేసిన పద్ధతిదే తప్పు.

బొమ్మ పోవడానికి కారణం ఆ పోలే. ఉపగ్రహం మనకు దాదాపు 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దూరదర్శన్ ఉచిత డిష్ ప్రసారాలు వచ్చే జీశాట్-15నే తీసుకుంటే, అది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర భూమధ్యరేఖకు పైన ఉంది. విజయవాడ నుంచి చూస్తే ఆగ్నేయంగా, సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఇళ్లమీద పెట్టే 60 సెంటీమీటర్ల డిష్‌కు చూపు రెండు మూడు డిగ్రీల వెడల్పుకు మించి ఉండదు. పోలు ఒక్క డిగ్రీ వాలినా అందే సిగ్నల్ తగ్గిపోతుంది. ఎండ కాస్తున్నప్పుడు కొంత వెసులుబాటు ఉంటుంది కనుక ఆ తేడా తెలీదు. వాన మొదలైందంటే ఈ తరంగాలను నీటిచుక్కలు కొంత మింగేస్తాయి, ఆ కాస్త వెసులుబాటూ పోయి తెర నల్లబడుతుంది. డిష్ ఎంత కొత్తదైనా కింద పోలు కదులుతుంటే ఏం లాభం?

ఆ రోజు పోలు పీకించాం. నాలుగు బోల్టుల్లో రెండు స్పానర్ వేయగానే తల ఊడి చేతిలోకొచ్చాయి. బేస్ ప్లేటు లేపితే దాని కింద స్లాబు తడిగా, నల్లగా ఉంది. తుప్పు పొరలు పొరలుగా లేచి ప్లేటు అంచు దాదాపు రెట్టింపు మందమైంది. పోలు లోపలికి టార్చి వేసి చూస్తే అడుగున నీళ్లు. పైన మూత లేకపోవడంతో ఏళ్ల తరబడి వాననీరు గొట్టంలో నిలిచి లోపలినుంచి తినేసింది. బయట వేసిన అల్యూమినియం రంగు మాత్రం మెరుస్తూనే ఉంది. ఆ బోల్టు రంధ్రాల గుండా దిగిన చెమ్మే కింద పిన్నిగారి వంటింటి సీలింగులో పెచ్చులు ఊడగొట్టింది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. చెమ్మ స్లాబు లోపలి ఇనప ఊచలదాకా చేరిందంటే టీవీ ఖర్చు కాదిక, స్లాబు ఖర్చే.

గాలి సంగతీ ఆలోచించండి. భవనాల డిజైనుకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875లో విజయవాడకు చూపిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అంత గాలి ఎదురుగా తగిలితే 60 సెంటీమీటర్ల డిష్ మీద 40 కిలోల పైన తోపు పడుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లే. మంచి స్టాండుకు అదో లెక్క కాదు. తల ఊడిన బోల్టులకు అదే చాలు. మన సందుల్లో కరెంటు తీగలు బాల్కనీలను రాసుకుంటూ పోతాయి. ఐదో అంతస్తు నుంచి ఎగిరిన ఇనప రేకు నేరుగా కిందే పడుతుందని ఎవరూ చెప్పలేరు.

మేం ఏం చేశామో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో. పాత బోల్టులు పూర్తిగా తీయించి, రంధ్రాలు శుభ్రం చేసి గ్రౌట్ (పల్చటి సిమెంటు ముద్ద) నింపి పైన వాటర్‌ప్రూఫ్ పూత వేయించాం. మళ్లీ స్లాబుకు డ్రిల్లింగు పెట్టనివ్వలేదు. కింద బీము ఉన్నచోట రెండడుగుల చదరం, అరడుగు మందం కాంక్రీటు దిమ్మ పోయించి పోలును అందులోనే నిలబెట్టాం. ఆ దిమ్మ 130 కిలోల పైమాటే. ఆటోనగర్‌లో జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనప గొట్టం) కోయించి, పై మూతికి మూత వెల్డింగు చేయించి, అతుకు దగ్గర జింకు పెయింటు వేయించాను. దిమ్మ గట్టిపడ్డాక స్పిరిట్ లెవెల్ పెట్టి పోలు నిటారుగా ఉందని చూసుకున్నాకే కుర్రాణ్ణి పిలిచి డిష్ బిగించమన్నాం. పోలు నిటారుగా ఉంటే సిగ్నల్ పట్టుకోవడం వాళ్లకూ సులువే. ఎండకు పగిలిన పాత కేబుల్ కూడా మార్పించాం. పిట్టగోడకు మాత్రం ఎవరూ బిగించకండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ తన బరువే మోస్తుంది తప్ప గాలి గుంజుడు మొయ్యదు. భవానీపురం, కొండ దిగువ ఇళ్లవాళ్లకు కోతులు కూడా డిష్షుల మీద ఊగుతాయి, వాళ్లు ఇంకా గట్టిగా చూసుకోవాలి.

సొంతిల్లున్నవాళ్లు ఈ మాత్రం చేసుకోగలరు. మిగతా వాళ్ల సంగతేమిటి? కనెక్షన్ మార్చినా, ఆపేసినా పాత డిష్‌ను, స్టాండును దించి తీసుకెళ్లే బాధ్యత డీటీహెచ్ కంపెనీదేనని టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టాలి. డిష్ మార్చడానికి వచ్చిన మనిషి స్టాండు కూడా పరీక్షించి ఫారంలో రాసి సంతకం పెట్టాలి, ఆ పనికి అతనికి విడిగా కూలి ఇవ్వాలి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు హోర్డింగుల గురించి, చెట్లకొమ్మల గురించి చెప్పే నగరపాలక సంస్థ డాబాల మీది డిష్షుల గురించీ మైకులో చెప్పాలి. వార్డు సచివాలయాల ద్వారా ఒక వారం పాత డిష్షులు, పోళ్లు సేకరిస్తే ఇనుముకు ఎలాగూ ధర వస్తుంది.

అసోసియేషన్ల పెద్దలకు ఒక మాట. పై అంతస్తువాళ్లు సీలింగు కారుతోందని ఫిర్యాదు చేస్తే ముందు ట్యాంకును, పైపులను అనుమానిస్తాం. ఈసారి సరిగ్గా ఆ గది పైన డిష్ స్టాండు ఉందేమో కూడా చూడండి. ప్లేటు చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తే అక్టోబరు దాకా ఆగకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ ఫిట్టర్,
విద్యాధరపురం, విజయవాడ.