సాహిత్య పఠన సంఘం వార్షిక నివేదిక: 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా ఈ ఏటి పనిని సభ ముందుంచుతున్నాను.

ఒకరి నవలకు మరొకరు అనుమతి లేకుండా రెండో భాగం రాసిన స్పెయిన్ ఉదంతాలను ఈ ఏడాది చదివాం. మతేయో అలెమాన్ 1599లో వెలువరించిన 'గుజ్మాన్ దె అల్ఫరాచే'కు 1602లో ఎవరో మారుపేరుతో దొంగ కొనసాగింపు అచ్చువేయగా, 1604లో వచ్చిన తన రెండో భాగంలో అలెమాన్ ఆ మారుపేరులోని 'సయవేద్ర'నే ఒక దొంగకు పెట్టి, వాడు మతిచెడి తానే గుజ్మాన్‌నని అరుస్తూ సముద్రంలో దూకినట్లు రాశాడు.

మనం గర్వంగా చెప్పుకోవలసినది సెర్వాంటెస్ సదస్సు. ఆ స్పెయిన్ రచయిత నవల 'డాన్ క్విక్సోట్' మొదటి భాగం 1605లో వచ్చింది. ఆయన రెండోది ప్రచురించకముందే, 1614లో అవెయనేడా అనే మారుపేరు చాటున ఒకరు తమ రెండో భాగాన్ని తెచ్చి, ముందుమాటలో సెర్వాంటెస్ వృద్ధాప్యాన్నీ, 1571 నాటి లెపాంటో యుద్ధంలో చచ్చుబడిన చేతినీ ఎత్తిపొడిచారు. నాటకకర్త లోపె దె వేగాను సెర్వాంటెస్ నొప్పించాడన్న కోపం కూడా అందులో కనిపిస్తుంది. ఆ రచయిత ఎవరో నేటికీ తేలలేదు. సెర్వాంటెస్ 1615లో వెలువరించిన రెండో భాగంలోని 59వ అధ్యాయాన్ని సభ్యులు వంతులవారీగా పైకి చదివారు. సత్రంలో పక్క గదిలోని ఇద్దరు ఆ దొంగపుస్తకం గురించి మాట్లాడుకుంటుండగా, తాను ఆరాధించే డుల్సీనియాపై ప్రేమ వదులుకున్నట్లు అందులో ఉందని విని కథానాయకుడు డాన్ క్విక్సోట్ మండిపడతాడు. ఆ పుస్తకాన్ని అబద్ధం చేయడానికే, అందులో తాను వెళ్లినట్లున్న సరగోసా ప్రయాణం మానుకొని బార్సిలోనా దారి పడతాడు. 72వ అధ్యాయంలోనైతే దొంగపుస్తకంలోని పాత్ర అల్వారో తార్ఫేనే సెర్వాంటెస్ తన నవలలోకి రప్పించి, తాను లోగడ చూసిన డాన్ క్విక్సోట్ ఇతడు కాడని ఊరి అధికారి ఎదుట అతడిచేత వాంగ్మూలం ఇప్పించాడు. పాత్రలపై రచయితకు హక్కునిచ్చే చట్టం లేని ఆ రోజుల్లో ఇంతకంటే ఘనమైన జవాబు ఉండదని నా దృఢాభిప్రాయం.

ఇంగ్లిష్ అనువాదాల నుంచి తెలుగు సారాంశాలు సిద్ధం చేసిన సభ్యులకు, ప్రతులు తీయించినవారికి, భోజన ఏర్పాట్లు చూసిన సోదరీమణులకు, పుస్తకాలు అరువిచ్చిన మిత్రులకు పేరుపేరునా కృతజ్ఞతలు. అయితే పేర్లిచ్చిన కార్యకర్తల్లో చాలామంది సదస్సు రోజున కానరాలేదని, హాలు అనుమతి కోసం అధికారులు చివరి నిమిషం వరకూ తిప్పించుకున్నారని బాధతో రాస్తున్నాను.

జమాఖర్చుల పట్టికను జతచేశాం, ఆమోదించగలరు.

రాబోయే ఏడాదికి 1554 నాటి 'లసరియో' అనే స్పెయిన్ నవలను, అందులోని కథానాయకుణ్ణి సముద్రంలో ట్యూనా చేపగా మార్చేసిన 1555 నాటి అజ్ఞాత రచయిత కొనసాగింపును ఎంచుకున్నాం. సారాంశాలు రాయగలిగినవారు, తప్పక హాజరు కాగలిగినవారు మాత్రమే ఈ సభ ముగిసేలోగా పేర్లు నమోదు చేయించుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి