చిన్నాకి, ప్రీ లాంచ్ ఆఫర్ గురించి

హైదరాబాద్

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రీ లాంచ్ బ్రోషర్ చూశాను, అంటే పర్మిషన్లు రాకముందే అమ్మే ఫ్లాట్లన్నమాట. కొల్లూరు దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డుకి పక్కనే, చదరపు అడుగు 4,500, ఈ ఆదివారం దాకానే. స్విమ్మింగ్ పూల్ బొమ్మకి అర పేజీ ఇచ్చారు. ఇళ్ల ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే రెరా సంస్థ ఇచ్చిన నంబర్ ఉండాల్సిన చోట 'త్వరలో' అని వేశారు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి.

డబ్బంతా ఒకేసారి కడితేనే ఆ రేటు అన్నావు. హోమ్ లోన్ రాదు కాబట్టి పర్సనల్ లోన్ పెడతానన్నావు. బ్యాంకు లోన్ సెక్షన్‌లో తల నెరిసినదాన్ని, ఇది విన్నాక నాకు టెన్షన్ రాదా? నీ జీతం చూసి బ్యాంకువాళ్లు హోమ్ లోన్ కాదనలేదురా. ప్లాన్ పాసవని చోట తనఖా పెట్టుకోవడానికి ఏముంది? బ్యాంకే చెయ్యి పెట్టని చోట నువ్వు ఎక్కువ వడ్డీకి తెచ్చి పోస్తానంటున్నావు. పేరుకి ఫ్లాట్ కొంటున్నావు గానీ, బిల్డరుకి చేబదులిస్తున్నావు. ఆ తగ్గింపే నీకొచ్చే వడ్డీ. అసలుకి హామీ మాత్రం లేదు.

యూడీఎస్, అంటే స్థలంలో వాటా, రిజిస్టర్ చేసిస్తారుగా అంటావు. చేస్తారు, కాదనను. నీ పేరున కొన్ని గజాలు రాస్తారు, అదీ విడదీయని వాటా. ఏ మూల నీదో చూపించలేవు, అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. పర్మిషన్ రాకపోతే మిగతా వాటాదారులందరితో కలిసి కోర్టు మెట్లెక్కాలి.

2016 నాటి రెరా చట్టం ప్రకారం ఇంత పెద్ద ప్రాజెక్టు రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, బుకింగ్ తీసుకోవడమూ తప్పే. అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చెయ్యకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో వేసి, పని సాగినకొద్దీ తియ్యాలి. నూటికి నూరూ ముందే కట్టమనేవాడు ఇవన్నీ పాటిస్తాడనుకోవడం మన అమాయకత్వం.

రెరా నంబర్ ఉన్నదే చూసుకో. ధర ఎక్కువే, కానీ లెక్క తేలుతుంది. 70 లక్షల ఫ్లాట్ అనుకో. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 80 శాతం దాకా, అంటే 56 లక్షలు లోన్ వస్తుంది. మిగతా 14 లక్షలు నీవి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకి జీఎస్టీ 5 శాతం. ఈ రెండూ కలిపి 8 లక్షల 75 వేలు, ఇవీ నీ జేబులోంచే అనుకో. ఓసీ, అంటే ఇంట్లో చేరొచ్చని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. 50 లక్షలు, ఆ పైన ధర ఉంటే అమ్మేవాడికిచ్చే దాంట్లోంచి ఒక శాతం టీడీఎస్ పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది కూడా నువ్వే, మర్చిపోకు.

కాగితాల్లో పాత యజమానుల లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తనఖాల చిట్టా), రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా, చెరువు నిండితే నీళ్లు వచ్చే ఎఫ్‌టీఎల్ హద్దు లాయర్ చూస్తాడు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఆ చివరిది ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ రెండు సంగతులు నువ్వే అడగాలి. బిల్డర్ స్థలం కొనకుండా, యజమానితో ఫ్లాట్లు పంచుకునేలా డెవలప్‌మెంట్‌కి తీసుకుంటే నీ ఫ్లాట్ బిల్డర్ వాటాలోదా, స్థలం యజమాని వాటాలోదా? రెండోది, పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టుబడిలో 10 శాతం జీహెచ్ఎంసీకో హెచ్ఎండీఏకో తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే వదులుతారు. ఆ ఫ్లాట్లను కూడా చల్లగా అమ్మేసేవాళ్లున్నారు. నీ ఫ్లాట్ నంబర్ అందులో ఉందేమో అడుగు. సేల్స్ కుర్రాడు నవ్వేసి ఊరుకుంటే మళ్లీ అడుగు.

మీ నాన్న మాత్రం 'వాడి డబ్బు, వాడిష్టం' అంటూ పేపర్ చదువుకుంటున్నారు. సర్వే నంబర్ పంపు, ఈసీ నేను తీయించి చూస్తాను. టోకెన్ అడ్వాన్స్ ఏమైనా కట్టేశావా? కట్టి ఉంటే ఈ రాత్రే ఫోన్ చెయ్యి, ఎంత లేటైనా సరే.

అమ్మ