పార్సిల్‌లో రబ్బరు పైపు ముక్క ఎందుకుందంటే

అంబాజీపేట,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు నువ్వెన్ని తిట్టినా పడతాను, తప్పు నాదే. మూడుసార్లు కూర్చున్నాను. ఒకసారి కొట్టుకి లోడు లారీ వచ్చింది, ఒకసారి కరెంటు పోయింది, మూడోసారి కలం చేతిలో ఉండి కూడా రాయలేకపోయాను. ఆ మూడోసారి సంగతే ఇప్పుడు చెప్తాను. రేపు తెల్లారకుండానే మీ తమ్ముడు విశాఖ బయల్దేరుతున్నాడని, నీ ఓడ అక్కడ నాలుగు రోజులు ఆగుతుందని అత్తయ్య సాయంత్రం చెప్పింది. ఈ రాత్రికి ఎంత రాయగలిగితే అంత.

ముందు ఇంటి కబుర్లు గబగబా. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, మందులు వాడుతోంది. కొబ్బరికాయ ధర బాగానే ఉంది గానీ తెల్లదోమ పట్టి చెట్లకి కాపు తగ్గింది, ఆకులన్నీ మసి పూసినట్టు నల్లబడ్డాయి. చంటిదాన్ని ఒకటో తరగతిలో వేశాం. నీలి తువ్వాలు ఆయన సంతలో కనిపించి నువ్వెప్పుడొస్తావని అడిగాడు.  పార్సిల్‌లో ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి. వాటి అడుగున పాలిథిన్ కవర్లో చుట్టిన నల్ల రబ్బరు పైపు ముక్క ఒకటుంటుంది. పొరపాటున వచ్చిందనుకుని పారెయ్యకు. ఈ ఉత్తరమంతా దాని గురించే.

నా కారు ఇంజన్‌కి ట్యూనింగ్ చేయించాను బావా. మార్చిలో. చెబితే వద్దంటావని నీకు చెప్పలేదు.

రాజమండ్రిలో ఒక కుర్రాడు చేస్తాడు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి ల్యాప్‌టాప్ వైరు తగిలించి, ఈసీయూలో, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్లో, ఉన్న కంపెనీ ఫైలు తీసి దాచి, తన ఫైలు ఎక్కించాడు. ఏ వేగంలో టర్బో ఎంత గాలి కుక్కాలి, దానికి ఎంత పెట్రోలు పడాలి, ప్లగ్గు ఎప్పుడు మండాలి అన్నది అంతా అందులోనే ఉంటుంది కదా. నట్టు విప్పలేదు, బోల్టు విప్పలేదు. స్టేజ్ వన్ అంటారు. ముప్పావు గంటలో అయిపోయింది, 28,000 తీసుకున్నాడు. 120 గుర్రాల ఇంజన్ 145 దాకా వస్తుందని, పెట్రోలు మాత్రం 95 ఆక్టేనే పొయ్యాలని చెప్పాడు. నీకు ఇవన్నీ చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే. అసలు టర్బో అంటే ఏంటో నాకు చెప్పింది నువ్వే. ముక్తేశ్వరం రేవులో ఏరు దాటించే పంటు కోసం చూస్తూ, ఇంజన్ ఊదేసిన వేడి గాలితోనే ఓ చక్రం తిప్పి, దాని ఇరుసుకే ఉన్న రెండో చక్రంతో బయటి గాలిని లోపలికి కుక్కుతారురా, నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతుందిరా అని ఇసుకలో బొమ్మ గీశావు. మీ ఓడ ఇంజన్ టర్బో మనిషంత ఎత్తుంటుందని ఫోటో చూపించావు. ఆ రోజే పట్టింది నాకీ పిచ్చి.

ఎందుకు చేయించావంటే రెండు కారణాలు. మన రావులపాలెం రోడ్డు నీకు తెలుసు, ఒక పక్క కాలువ, ముందు కొబ్బరి లారీ. 1,500 ఆర్‌పీఎం దగ్గర తొక్కితే బండి ఒక్క క్షణం ఆగి ఆలోచించేది, తర్వాత లాగేది. ఆ ఒక్క క్షణంలో ఎదురుగా బస్సు వచ్చేసి, అమ్మ పక్క సీట్లో ఉండగా, ఓసారి గుండె ఆగినంత పనైంది. అది మొదటిది. రెండోది ఇష్టం. మీ నాన్నగారి ఆర్‌ఎక్స్ 100 బైకుని ఆయన నిద్రపోయాక రోడ్డు దాకా తోసుకెళ్లి స్టార్ట్ చేసేవాళ్లం చూడు, ఆ ఇష్టం.

ఆ సాయంత్రం వేమగిరి దాటి, జొన్నాడ దగ్గర వంతెన ఎక్కాను. మూడో గేర్లో సగం తొక్కానో లేదో, వెనక నుంచి ఎవరో అరచెయ్యి పెట్టి నెట్టినట్టు లాగింది. కింద గౌతమి గోదావరి ఎర్రగా మెరుస్తోంది, కిటికీ దించితే టర్బో సన్నగా ఈల వేస్తోంది. వంతెన అవతలికి వచ్చాక బండి పక్కకి ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను. నువ్వు పక్కనుంటే బాగుండుననిపించింది. ఆ సంతోషం అబద్ధం కాదు బావా. తర్వాత ఏం జరిగినా దాన్ని కాదనలేను.

ఇక అసలు సంగతి. రోహిణి కార్తె ఎండల్లో అత్తగారింటికి నరసాపురం వెళ్లి పంటు మీద తిరిగొస్తున్నాం. బండిలో అమ్మ, నా భార్య, చంటిది, రెండు బుట్టల మామిడిపళ్లు. సఖినేటిపల్లి రేవులో దిగి ఏటిగట్టు ఎక్కాలి. మన కోనసీమలో ఎత్తంటే అదొక్కటేగా. మొదటి గేర్లో గట్టిగా తొక్కాను. సగం ఎక్కేసరికి బానెట్ కింద ఫట్‌మని శబ్దం, ఆ వెనకే బుస్సుమని గాలి. ఇంజన్ గుర్తు పసుపుగా వెలిగింది, బండిలో చేవ మొత్తం పోయింది. వెనక ఆటోవాడు హారన్. ఎలాగో గట్టెక్కించి, రాజోలు మీదుగా, గన్నవరం అక్విడక్టు దాటి నలభైకి మించకుండా ఇల్లు చేరాం.

రాత్రి మా తోడల్లుడు ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్ తెచ్చి పెడితే పీ0299 అని కోడు వచ్చింది. టర్బో నుంచి రావాల్సినంత ఒత్తిడి రావడం లేదని దానర్థం. ట్యూనింగ్ కుర్రాడికి ఫోన్ చేశాను. "ఏం టెన్షన్ పడకండి అన్నా, వచ్చెయ్యండి. పాత ఫైలు వేసేస్తా. అటు నుంచి అటే సర్వీస్ సెంటర్‌కి వెళ్లి వారంటీలో చేయించుకోండి. ఎవరికీ తెలీదు" అన్నాడు. 2023 దసరాకి కొన్న బండి, మూడేళ్ల వారంటీలో ఇంకా ఏడాదిపైనే ఉంది. వాడన్నట్టే చేశాను. ఇరవై నిమిషాల్లో పాత ఫైలు పడింది.

సర్వీస్ సెంటర్లో అడ్వైజర్ పాతికేళ్లవాడు. వాళ్ల మెషీన్ తగిలించి, కాసేపు చూసి, నెమ్మదిగా అడిగాడు: "సార్, ట్యూనింగ్ ఏమైనా చేయించారా?"

అమ్మ నా పక్కనే కూర్చుంది. డాక్టర్‌కి మోకాళ్లు చూపించాలని తనని కూడా తీసుకెళ్లాను.

"లేదండీ" అన్నాను.

ఒక్క అక్షరం కూడా తడబడలేదు బావా. అదే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. అతను సరే సార్ అని ఏదో టైపు చేసుకున్నాడు. అమ్మకి అంతా తెలుసు. మార్చిలో "బండేంట్రా ఇలా దూకుతోంది" అని తనే అడిగితే గొప్పగా చెప్పుకున్నాను. బండి అక్కడ వదిలేసి బస్సులో వచ్చాం. దారి పొడవునా ఒక్క మాట లేదు. రావులపాలెంలో బస్సు ఆగితే కిటికీలోంచి అరటిపళ్లు కొంది, నాకు రెండు ఇచ్చింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అంది, "ఆ పిల్లాడు నీకంటే చిన్నోడురా. నిన్ను సార్ అన్నాడు." అంతే. లోపలికెళ్లిపోయింది.

ఆ రాత్రే నీకు ఉత్తరం రాయబోయి రాయలేకపోయింది.

పొద్దున్నే మొదటి బస్సెక్కాను. అడ్వైజర్ దగ్గర నిలబడి, నిన్న అబద్ధం చెప్పాను, మార్చిలో ట్యూనింగ్ చేయించాను, నిన్న ఉదయమే తీయించాను అని చెప్పేశాను. అతను ఆశ్చర్యపోలేదు. స్క్రీను నా వైపు తిప్పాడు. ఈసీయూలోకి ఎన్నిసార్లు రాశారో అది లెక్క ఉంచుకుంటుందట. లోపల ఉన్నది కంపెనీ ఫైలే, కానీ ఆ లెక్కలో కంపెనీ దగ్గర లేనివి రెండు ఎక్కువున్నాయి. ఒకటి వేసినప్పుడు, ఒకటి తీసినప్పుడు. "నిన్న మీరు లేదన్నప్పుడే చూశానండి. మీ అమ్మగారున్నారని ఊరుకున్నాను" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేనేజరు వారంటీ పుస్తకం తీసి చూపించాడు. కంపెనీ ఒప్పుకోని మార్పులు చేస్తే వాటివల్ల వచ్చే నష్టానికి బాధ్యత లేదని ఉంది. కొన్న రోజు సంతకం పెట్టానే గానీ ఆ పేజీ ఎప్పుడూ చదవలేదు. నువ్వు చదువు, మీ ఆవిడ పేరు మీద బండి తీసుకున్నారుగా, సెలవుకి వచ్చినప్పుడు మొదట అది చదువు. ఇంజన్, టర్బో, గేర్‌బాక్సులకి ఈ రోజుతో వారంటీ సరి, ఏసీ, స్టీరింగ్, వైరింగ్ లాంటివాటికి ఉంటుంది అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. 900 డిగ్రీల వేడిలో తిరిగే చక్రాన్ని వాళ్లు లెక్కగట్టినదానికంటే ఎక్కువ తిప్పించింది నేను. రేపు అది అరిగిపోతే వాళ్లని అడగడం న్యాయం కాదు.

కానీ పోయింది టర్బో కాదు! అదీ నేను చెప్పాలనుకున్నది.

లోపల ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు, మన వైపు మనిషే. మేనేజరు ఫోన్లో ఉండగా నన్ను చేత్తో పిలిచాడు. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ నుంచి, ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్‌కి వెళ్లే రబ్బరు పైపు విప్పి బల్ల మీద పెట్టి, లైటు దగ్గరగా పట్టుకుని, బొటనవేలితో చీలిక తెరిచాడు. "ఇటు చూడండి బాబూ. గాలి ఒత్తిడికి పగిలితే నడిమధ్యన ఉబ్బి చీలాలండి. ఇది క్లిప్పు కిందే తెగింది. క్లిప్పు వంకరగా బిగించారండి, అంచు కోసుకుంటూ పోయింది. ఆయ్." నిజమే. చీలిక కత్తితో గీసినట్టు తిన్నగా ఉంది, దాని పక్కనే క్లిప్పు అంచు గుర్తు ఏటవాలుగా పడి ఉంది. మిగతా పైపంతా కొత్తదిలా ఉంది, ఉబ్బు లేదు, పగుళ్లు లేవు.

ఆ క్లిప్పు ఎవరు విప్పారు? నేను విప్పలేదు, ట్యూనింగ్ కుర్రాడు బానెట్టే ఎత్తలేదు. ఇంటికొచ్చి బిల్లులన్నీ తిరగేశాను. జనవరి సర్వీసులో థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అని 650 రూపాయలు వేశారు. అది చెయ్యాలంటే ఈ పైపు ఊడదియ్యాల్సిందే. జనవరి, బావా! ట్యూనింగ్‌కి రెండు నెలల ముందు.

మర్నాడు బిల్లు పట్టుకెళ్లి మేనేజర్ని అడిగాను. "మీరు ట్యూనింగ్ చేయించారు కాబట్టి ఏది దేనివల్ల అయిందో ఇప్పుడు చెప్పలేం సార్" అన్నాడు. ఆ మాటే రాసివ్వమన్నాను. మూడు రోజులు తిప్పి, మార్పులు కనిపించినందువల్ల క్లెయిమ్ ఒప్పుకోలేదని ఒక్క లైను మెయిల్ పంపారు. పైపుకీ పనికీ కలిపి 6,850 కట్టి బండి తెచ్చుకున్నాను. బయటికి వస్తుంటే మేస్త్రీ పాత పైపుని కవర్లో చుట్టి వెనక సీటు కింద పెట్టాడు. "దాచుకోండి" అన్నాడు. ఆయన ఉద్యోగానికి ముప్పు రాకూడదు, ఈ సంగతి మీ తమ్ముడికి కూడా చెప్పకు.

నేను రెండు వైపులా ఆలోచిస్తున్నాను. క్లిప్పు కోత పెట్టింది నిజమైనా, నేను ఒత్తిడి పెంచకపోతే ఆ పైపు ఇంకో ఏడాది నిలిచేదేమో. లేక ఎలాగైనా తెగేదేమో. ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి నాకు నువ్వొక్కడివే తెలుసు. పైపులు, గ్యాస్కెట్లు, తెగినవీ పగిలినవీ నువ్వు రోజూ చూస్తావు. అందుకే ముక్క పంపుతున్నాను. లెన్సు పెట్టి చూడు. నామీద ప్రేమ పక్కన పెట్టి చూడు. నా తప్పే అయితే నా తప్పే అని రాయి.

వాళ్ల తప్పయితే మాత్రం వదలను. మన వకీలు బాబాయిని అడిగాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే చోట జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చట, రెండేళ్ల గడువుందట. టర్బో వారంటీ తిరిగిమ్మని అడగను. ఆ 6,850, క్లిప్పు మేమే వంకరగా బిగించామన్న ఒక్క మాట, అంతే కావాలి. నేను నా అబద్ధాన్ని వాళ్ల ఎదురుగా ఒప్పుకున్నాను కదా.

ట్యూనింగ్ కుర్రాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బిల్లు కూడా ఇవ్వలేదు. ఇంకోటి, బాబాయి అడిగేదాకా నాకు తట్టలేదు, ఇలాంటి మార్పులు ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పాలట. ఆ మూడు నెలల్లో రోడ్డు మీద ఏదైనా జరిగుంటే, చంటిది వెనక సీట్లో ఉండగా... సరే, అది వదిలెయ్.

మళ్లీ వేయిస్తావా అని నువ్వడుగుతావు. మొన్న రాజమండ్రి నుంచి వస్తూ అదే వంతెన ఎక్కాను. బండి మునుపటిలాగే మెల్లగా, బుద్ధిగా వెళ్లింది. గౌతమి అలాగే ఉంది. వారంటీ ఎలాగూ పోయింది కదా, ఇక అడ్డేముంది అని ఒకటి అనిపిస్తుంది. వెంటనే అమ్మ కాళ్లు కడుక్కుంటూ అన్న మాట

కరెంటు పోయింది బావా. ఇప్పుడు నాలుగున్నర, మళ్లీ రాస్తున్నాను. ఎక్కడ ఆపానో చదివే టైము లేదు, వీధిలో మీ తమ్ముడి బండి చప్పుడు వినిపిస్తోంది. పైపు చూశాక వాడి చేతికే తిరిగిచ్చి పంపు, కమిషన్‌లో చూపించడానికి అదొక్కటే ఆధారం. ఫోటోలు తీసి ఉంచాను గానీ అసలుది కావాలి. ఈ కనుమకైనా సెలవు పెట్టు, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కలిసి వెళ్దాం. ఆవకాయ జాడీ నిలువుగా పెట్టు, నూనె కారుతుంది. పైపుకి క్లిప్పు గుర్తున్న వైపు ఎర్ర దారం కట్టాను, ముందు అటు చూడు, చీలిక మొదలైంది లోపలి నుంచా బయటి నుంచా అన్నది

వచ్చేశాడు. ఉంటాను.

నీ
బావ